ఆగినవాళ్ల బెజవాడ

రైలు మారడానికో విమానం మారడానికో మధ్యలో చిక్కిన ఐదారు గంటల్లో ఒక ఊరిని చూసి వెళ్లడాన్ని మనం చూడటం కింద జమకట్టం. దారిలో తగిలింది కాబట్టి చూశామని చెప్పేవాళ్ల గొంతులోనే కాస్త చిన్నతనం వినిపిస్తుంది. యాత్ర అంటే ఇంటి దగ్గర సంకల్పం చెప్పుకుని బయల్దేరేదనీ, ఒక చారిత్రక స్థలాన్ని చూడాలంటే దాని కోసమే రావాలనీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. బెజవాడ దగ్గరికొచ్చేసరికి ఈ అభిప్రాయం నిలవదు. ఈ ఊళ్లో, దీని చుట్టుపక్కల చూడదగ్గవని మనం చెప్పుకునేవాటిలో చాలా భాగం ఎక్కడికో పోతూ ఇక్కడ ఆగాల్సి వచ్చినవాళ్ల చలవే. మజిలీ ఈ ఊరికి తర్వాతెప్పుడో వచ్చిపడింది అనుకుంటాం గానీ, ఊరే మజిలీలోంచి పుట్టింది. అందువల్ల ఇక్కడ నాలుగు గంటలు ఆగి ఒక గుహాలయం చూసి వెళ్లే మనిషి, పాతకాలపు బాటసారికి నేరుగా వారసుడు.

మొదటి సాక్ష్యం నేలదే. కృష్ణ కొండల నడుమ నుంచి డెల్టాలోకి అడుగుపెట్టే చోట ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ ఎదురెదురుగా నిలబడి నదిని ఇరకాటంలో పెడతాయి. ఇప్పుడక్కడున్న ప్రకాశం బ్యారేజి పొడవు 1,223 మీటర్లు. దిగువకు పోయేకొద్దీ ఒండ్రునేల, పాయలు, లంకలు. కోస్తా వెంట ఉత్తరాన్నుంచి దక్షిణానికి, దక్షిణాన్నుంచి ఉత్తరానికి పోయేవాడు ఎక్కడో ఒకచోట ఈ నది దాటక తప్పదు; రెండు గట్లా రాతినేల దొరికే చోటు ఇది. శ్రావణ భాద్రపదాల్లో వరద పోటెత్తితే పడవలు కట్టేయాల్సిందే, తగ్గేదాకా కాచుకోవాల్సిందే. కాచుకునేవాడికి తలదాచుకునే నీడ కావాలి, స్నానానికి రేవు కావాలి, వండుకుని తినడానికి ఇంత చోటు కావాలి, అవతలి గట్టుకు క్షేమంగా చేరాలని మొక్కుకోవడానికి దైవం కావాలి. ఈ నాలుగూ బెజవాడలో కొండకూ నీటికీ మధ్యనున్న సన్నని జాగాలోనే ఒకచోట చేరాయి.

ఏడో శతాబ్దంలో, 639-40 ప్రాంతంలో, చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చాడు. రాజధానికి తూర్పున ఒక కొండమీద పూర్వశైల విహారం, పడమర ఒక కొండమీద అపరశైల విహారం ఉన్నాయని రాశాడు. ఆ రాజధాని అమరావతి పక్కనున్న ధరణికోటేనని ఎక్కువమంది అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో జేమ్స్ ఫెర్గూసన్ మాత్రం అది బెజవాడ అని వాదించాడు. ఎటు తేలినా కృష్ణ ఒడ్డున కొద్ది కోసుల తేడా తప్ప, ఈ ప్రాంతం గురించి హ్యూయెన్ త్సాంగ్ చెప్పిన విషయం మారదు. పూర్వం ఏటా వానాకాలంలో వెయ్యిమంది ఇక్కడ వర్షావాసం గడిపేవారట. తాను వచ్చేసరికి నూరేళ్లకు పైగా విహారాలు పాడుబడి ఉన్నాయనీ, కొండ దేవతలు తోడేళ్లుగా కోతులుగా వచ్చి జనాన్ని బెదరగొడుతున్నారనీ స్థానికులు చెప్పిన మాట కూడా రాసుకున్నాడు. వర్షావాసమంటే వానలకు దారులు మూసుకుపోయినప్పుడు తిరిగే భిక్షువు ఒకచోట నిలబడిపోవడం. బౌద్ధ విహారమనే సంస్థకు మూలం అదే. అంటే ఈ తీరాన తొలి కట్టడాలు కూడా ఆగడం కోసమే పుట్టాయి. ఆయనే చెప్పిన భావవివేకుడి కథ మరీ చిత్రమైంది. రాబోయే మైత్రేయ బుద్ధుణ్ణి కళ్లారా చూసి సందేహాలు తీర్చుకోవాలని ఆ పండితుడు పట్టుబట్టాడట. మూడేళ్లు మంత్రం జపించి, మంత్రించిన ఆవగింజలు విసిరితే కొండబండ తెరుచుకుందట. ఆయనా, వెంట నడిచిన ఆరుగురూ లోపలికి వెళ్లగానే మూసుకుందట. కొండ గుహను వేచి ఉండే గదిగా ఊహించుకున్న జనం ఈ తీరంలో ఉండేవారని ఈ కథ చెబుతోంది.

ఇంకా గట్టి సాక్ష్యం రాతిమీదే ఉంది. బెజవాడలో దొరికిన యుద్ధమల్లుడి శాసనం పదో శతాబ్దపు తొలి భాగానిదని సాధారణంగా చెబుతారు. నన్నయకు నూరేళ్ల ముందే మధ్యాక్కర ఛందస్సులో సాగిన తెలుగు పద్యశాసనం కాబట్టి సాహిత్య చరిత్రకారులకు దానిమీద మక్కువ ఎక్కువ. ఛందస్సు మీద జరిగినంత చర్చ అందులోని విషయం మీద జరగలేదనిపిస్తుంది. చేబ్రోలులో కొలువైన కుమారస్వామి బెజవాడ జాతరకు వచ్చాడనీ, వచ్చినవాడు మరో చోటికి పోవడానికి ఇష్టపడక ఇక్కడే నిలిచిపోయాడనీ, అప్పుడు చాళుక్య యుద్ధమల్లుడు ఆయనకు గుడీ, దానితోపాటు మఠమూ కట్టించాడనీ ఆ పద్యాలు చెబుతాయి. గుడి పుట్టుకకు శాసనకర్త ఎంచుకున్న కారణం ఎంత ఘనమైందో చూడండి: కలలో కనబడటం, పుట్టలో దొరకడం కాదు, జాతరకని వచ్చిన దేవుడు తిరుగుప్రయాణం మానుకున్నాడు. ఆ మఠంలో శైవ సన్యాసులైన గొరగలు తప్ప ఇంకొకరు దిగరాదనీ, దిగినవాళ్లకూ దిగనిచ్చినవాళ్లకూ మహాపాపం తగులుతుందనీ గట్టి కట్టుబాటు కూడా అందులో ఉంది. దిగడానికి ఎవరూ రాని ఊళ్లో ఇలాంటి కట్టుబాటు అవసరం ఉండదు. దారినపోయే ప్రతివాడూ నీడ కనబడితే మూట దించే చోట, గొరగల గదులు గొరగలకే మిగలాలంటే రాయిమీద చెక్కి శపించాల్సి వచ్చింది. వెయ్యేళ్ల నాటి రద్దీని కొలవడానికి మనకు వేరే లెక్కలు లేవు. ఈ నిషేధమే ఆ లెక్క.

ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహల పేరు కూడా ఒక మజిలీ నుంచే వచ్చింది. గుహలు క్రీస్తుశకం ఆరో, ఏడో శతాబ్దాల నాటివి. అక్కన్న మాదన్నలు గోల్కొండ అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులు, పదిహేడో శతాబ్దం చివర్లో హత్యకు గురైనవాళ్లు. తొలచి వెయ్యేళ్లు గడిచిన గుహలకు తమ పేరు ఎలా పెట్టించుకోగలిగారంటే, కొండమీది దుర్గమ్మ దర్శనానికి వచ్చినప్పుడు అక్కడ బస చేశారనీ, అక్కడ కూర్చునే రాచకార్యాలు చక్కబెట్టారనీ ఊరి జనం చెప్పుకోవడమే కారణం. తొలిపించినవాడి పేరు మరుగునపడి, కొన్నాళ్లు ఉండిపోయినవాళ్ల పేరు నిలిచింది. ఆ తానీషాయే మచిలీపట్నం వైపు పోతూ దారిలో కూచిపూడిలో విడిది చేసి, అక్కడి భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడన్న ఐతిహ్యం డెల్టా అంతటికీ తెలిసిందే. ఒక రాత్రి విడిదిలో చూసిన ఆట ఒక నృత్య సంప్రదాయానికి నేలనిచ్చిందన్నమాట. ఇవన్నీ పుక్కిటి పురాణాలు, చరిత్రకు ఆధారమెలా అవుతాయని ఎవరైనా అడగవచ్చు. మంత్రులు ఏ గుహలో ఏ పూట కూర్చున్నారన్నదానికి వీటిని సాక్ష్యంగా తేలేమన్నది నిజమే. కానీ జనం తమ ఊళ్ల ఘనతకు ఎలాంటి కారణం చెప్పుకున్నారన్నదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. మరోచోట అయితే ఫలానా రాజు ఇక్కడ పుట్టాడు, ఇక్కడ గెలిచాడు అంటారు. ఈ తీరంలో మాత్రం ఇక్కడ ఆగాడు అంటారు. యుద్ధమల్లుడి శాసనకవి కుమారస్వామి గురించి చెప్పిందీ అదే కదా.

ఊరు మజిలీలోంచి పుట్టిందన్న మాటకు అసలైన అభ్యంతరం వేరే ఉంది. బెజవాడను పట్నం చేసింది బాటసారులు కాదు, ఆనకట్ట. ఆనకట్ట పారించిన నీళ్లు, ఆ నీళ్లు పండించిన వరి, ఆ వరితో పెరిగిన వర్తకం అని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. 1852 నుంచి 1855 దాకా చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో కట్టిన ఆనకట్ట ఈ డెల్టా తలరాత మార్చిందన్నదాంట్లో సందేహం లేదు. అయితే ఆనకట్ట ఇక్కడే ఎందుకు కట్టారు? పూర్వం రేవు ఇక్కడే ఎందుకు వెలిసిందో అందుకే: నది ఇరుకు, గట్లు గట్టివి, రాయి రెండు పక్కలా కొండల్లో సిద్ధంగా ఉంది. పైగా ఆ కాలువలు పొలాలకు నీళ్లిచ్చి ఊరుకోలేదు, దారులు కూడా అయ్యాయి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసింది; సీతానగరం వైపు నుంచి కొమ్మమూరు కాలువ దక్షిణాన బకింగ్‌హాం కాలువను అందుకుంది. కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిమీద పోయే వీలు కలిగింది. అలా పోయే పడవ బెజవాడ లాకుల్లో ఆగి, ఆనకట్ట వెనక నిలిచిన నీటిమీదుగా నది దాటి, అవతలి లాకుల్లో మళ్లీ ఆగాలి. గట్టున మనుషులు కాచుకునే రేవు పోయి, పడవలే వరుసలో కాచుకునే రేవు వచ్చింది.

రైళ్లు ఆ పనినే మరింత పెద్దయెత్తున చేశాయి. 1880ల చివర నిజాం రైల్వే ఉత్తరాన్నుంచి బ్రాడ్‌గేజి మీద, సదరన్ మరాఠా రైల్వే గుంటూరు వైపు నుంచి మీటర్‌గేజి మీద బెజవాడ చేరాయి. 1893లో ఈస్ట్ కోస్ట్ రైల్వే, 1899లో మద్రాసు మార్గం కలిశాయి. పట్టాల వెడల్పు వేరు కాబట్టి ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడం తప్పదు, ఆ రెంటి మధ్యా గంటలు గడపడమూ తప్పదు. సామాను ఎవరికో అప్పగించి, కృష్ణలో మునిగి, తడిబట్టలతోనే కొండెక్కి అమ్మవారికి దండం పెట్టుకుని బండి వేళకు తిరిగి రావడం కోస్తా జిల్లాల కుటుంబాలకు ఆనవాయితీ అయింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపింది ఆ సందర్భంలోనే. కలకత్తా, మద్రాసు, హైదరాబాదు దారులు మూడూ కలిసే ఊరు అవడం సమావేశానికి బెజవాడను ఎంచుకోవడానికి కొంతైనా తోడ్పడి ఉంటుందని నా నమ్మకం.

ఇక, హడావిడిగా చూసింది చూడటమేనా అన్న ప్రశ్న. హ్యూయెన్ త్సాంగే ఇందుకు ఉదాహరణగా ఎదురు నిలుస్తాడు: ధాన్యకటకంలో ఆయన కొన్ని నెలలుండి, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకుని, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పి మరీ కదిలాడు. అలాంటి చూపు గంటల్లో అబ్బదు, ఒప్పుకోవాల్సిందే. కానీ స్థలాలన్నీ ఒకే రకం చూపు అడగవు. ఉండవల్లి గుహాలయాన్నే తీసుకుందాం. క్రీస్తుశకం నాలుగో, ఐదో శతాబ్దాల్లో విష్ణుకుండినుల కాలంలో తొలిచారని ఎక్కువగా చెబుతారు. కొండ ముఖాన్నే నాలుగు అంతస్తులుగా చెక్కారు. కింది అంతస్తు అసంపూర్తి. అక్కడ స్తంభాలు రాతిలోంచి సగం బయటికొచ్చి ఆగిపోయాయి, ఉలి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో తడిమి చెప్పొచ్చు. పైకెక్కితే త్రిమూర్తుల గదులు, ఇంకా పైన పదిహేను అడుగులకు పైబడ్డ అనంతశయనుడు, బయట వరుసగా కూర్చుని పొలాలకేసి చూస్తున్న మునులు, సింహాలు. రాయిని ఎలా తొలుస్తారన్న పాఠం కింద నుంచి పైకి మెట్లవారీగా కళ్లముందుంటుంది. దాన్ని అందుకోవడానికి రెండు గంటలు చాలు, మనసుపెట్టి చూస్తే. పదిరోజుల సెలవుపెట్టి వచ్చినా చూడనివాడు చూడడు.

ఇప్పుడు చిక్కల్లా చూపుది కాదు, ఏర్పాట్లది. గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనిక స్థావరం నుంచి ఎదిగి 2017లో అంతర్జాతీయ హోదా పొందింది. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడ దిగేవాళ్లలో ఎక్కువమంది ఇంటికి పోయేవాళ్లే, విమానం మారేవాళ్లు తక్కువ. డెల్టా బిడ్డలు తమ విమానాల మధ్య గంటలు గడిపేది దుబాయిలో, దోహాలో. బెజవాడ మజిలీ నేటికీ రైల్వే జంక్షన్‌లోనే ఉంది. అక్కడ మాత్రం ప్రయాణికుణ్ణి వెయిటింగ్ హాలు కుర్చీకి కట్టిపడేసే పద్ధతి బలపడింది. అక్కన్న మాదన్న గుహలు స్టేషన్ నుంచి ఆటోలో కాసేపటి దూరం. మొగల్రాజపురం గుహలు ఊరి నడుమే ఉన్నాయి. ఉండవల్లికి బ్యారేజి దాటితే చాలు. మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనివే. స్టేషన్ బయటే సామాను గది పక్కన ఈ మూడింటినీ ఏ వేళకు తెరుస్తారో, పోయిరావడానికి ఎంతసేపు పడుతుందో తెలుగులో, హిందీలో రాసిన పలక ఒకటీ, తెల్లవారు బండి దిగినవాళ్ల కోసం పొద్దుటే బయల్దేరి మూడూ చూపించి మధ్యాహ్నం లోపు ప్లాట్‌ఫారం దగ్గర దించే బస్సు ఒకటీ కావాలి. రైల్వే, పురావస్తు శాఖ, ఆర్టీసీ ఒకచోట కూర్చుంటే తేలే పని ఇది. కొండమీదికి భక్తులను చేరవేయడం దుర్గగుడికి ఎన్నాళ్ల నుంచో అలవాటే కనుక, నడపడం తెలిసినవాళ్లు కూడా ఊళ్లోనే ఉన్నారు.