పులికి ముందు ప్లీడరు: గోదావరి జిల్లాలో సొంత పత్రిక, అధికారుల జవాబుదారీ

తెలుగు పత్రికల చరిత్ర రాసినవారిలో చాలామంది కందుకూరి వీరేశలింగం నడిపిన వివేకవర్ధనిని సంఘసంస్కరణ ఖాతాలో వేసి పక్కన పెడతారు. అధికారాన్ని నిలదీసిన పత్రికల లెక్క వారికి 1908తో మొదలవుతుంది. ఈ వింగడింపు నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. వివేకవర్ధని పుట్టింది 1874 అక్టోబరులో. వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో ఉన్న ఏడేళ్లూ ఆ పత్రిక ఎవరితో పోట్లాడిందన్న ప్రశ్నకు సంస్కరణ ఒక్కటే జవాబు కాజాలదు.

నా పేచీ ముఖ్యంగా జాతీయవాద చరిత్రకారుడితో. బెజవాడ 'స్వరాజ్య'లో విదేశీ పులి వ్యాసం అచ్చయింది, గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లారు, తెలుగు పత్రికకు వెన్నెముక వచ్చింది: ఇదీ ఆయన కట్టిన కథ. రాజమండ్రి ట్రైనింగు కాలేజీనుంచి బహిష్కరణకు గురైన ఆ యువకుడి త్యాగాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని ఆ పులి మొత్తం సామ్రాజ్యం. దాన్ని తిట్టిన వ్యాసం చదివి ఏ గుమాస్తా ఉలిక్కిపడడు. కక్షిదారు చేత రూపాయి పెట్టించుకున్న కచేరీ ఉద్యోగి ఉలిక్కిపడేది తన ఊళ్లో, తన మాటల్లో, తన వ్యవహారం అచ్చయినప్పుడే. జవాబుదారీ అంటే నా దృష్టిలో అది.

వివేకవర్ధని ఆ పనే చేసింది. ప్లీడర్ల మోసాలు, న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న లంచాలు దాని పుటలకు ఎక్కాయి. అబద్ధమాడకుండా ప్లీడరు వృత్తి సాగదనే తాను దాని జోలికి పోలేదని స్వీయచరిత్రలో చెప్పుకున్న వీరేశలింగానికి ఆ లోకం లోపలి గుట్టు తెలుసు. ఆయన రాసిన 'వ్యవహారధర్మబోధిని' ఆ పత్రికలోనే వెలువడింది. జనం దాన్ని ప్లీడరు నాటకమన్నారు. 1880లో విద్యార్థుల చేత ఆడించారు కూడా. సాహిత్య చరిత్రకారులు దాన్ని వ్యావహారిక భాషలో వచ్చిన తొలి నాటకాల్లో ఒకటిగా లెక్కవేసి తృప్తిపడ్డారు. అది నాటక రూపంలో వచ్చిన అభియోగపత్రమని నా వాదన. ప్లీడరు, కక్షిదారు, దొంగసాక్షి మాట్లాడుకునే తీరులోనే మాట్లాడారు గనక, ప్రేక్షకుడికి తన ఊరి ప్లీడరును పోల్చుకోవడానికి వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

అన్నిటికంటే ముఖ్యం అచ్చుయంత్రం. మొదట్లో వివేకవర్ధని చెన్నపట్నంలో, కొక్కొండ వేంకటరత్నం గారి సంజీవనీ ముద్రాక్షరశాలలో అచ్చయ్యేది. రాజమండ్రి సంగతి చెన్నపట్నం వెళ్లి అచ్చయి తిరిగి వచ్చేసరికి ఎంత చల్లారిపోతుందో ఊహించవచ్చు. పైగా ఆ ముద్రాపకుడే భాషలోనూ భావాల్లోనూ వీరేశలింగానికి ప్రత్యర్థి. మిత్రుల సాయంతో రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టాకే పత్రిక చేతికి వచ్చింది. రాసేవాడు, అచ్చు వేయించేవాడు, తిట్లు తినేవాడు ఒక్కడే. 1868లో పుట్టిన 'మద్రాస్ మెయిల్'కు గోదావరి జిల్లా కచేరీ గుమాస్తా వార్త కాదు. 1878లో మొదలైన 'హిందూ' చూపు కూడా చెన్నపట్నం మీదే. అదే ఏడాది లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టాన్ని మద్రాసు రాజధానికి వర్తింపజేయలేదు. అంటే ఇక్కడి పత్రికల వల్ల భయం లేదని ప్రభుత్వం అనుకుంది. సిమ్లాకు భయం లేకపోవచ్చు, రాజమండ్రి కచేరీకి ఉంది.

ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా జీతం తీసుకుంటూ వీరేశలింగం కలెక్టరు దాకా పోలేదన్న ఆక్షేపణలో కొంత నిజం ఉంది. అయినా నేను చెప్పే జవాబుదారీ మొదలయ్యేది కచేరీ గుమాస్తాతోనే.

తన ఊరి సంగతిని తన పూచీ మీద తానే అచ్చు వేసే ఈ నమూనా పందొమ్మిదో శతాబ్దంతో పోలేదు. 2016లో భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా ఫుడ్‌పార్కు మీద ఊళ్లు తిరగబడి, 144 సెక్షను అమలైనప్పుడు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు సంగతులు తెలుసుకోవాలంటే నేను వెతికింది జిల్లా ఎడిషన్లను కాదు, ఊరివాళ్లు ఫోన్లలో తీసి పంపుకున్న వీడియోలను. వార్తతోబాటు ప్రకటనలూ తేవలసిన మండల విలేకరి చేతులు కట్టేసి ఉంటాయి. 2019 అక్టోబరులో హత్యకు గురైన తొండంగి విలేకరి పెద్ద దినపత్రికవాడేనన్నది మరువరానిదే. అయినా డెల్టాలో అధికారిని వణికించిన ప్రతి రాతా సొంత ముద్రణ, సొంత పూచీ ఉన్న చోటనుంచే వచ్చిందని నా ప్రతిపాదన.

ఆ సంగతి ప్రభుత్వాలకు తెలుసు. 1910 ప్రెస్ చట్టం డిపాజిట్టు అడిగింది మొదట ముద్రణాలయం పెట్టినవాడినే, 500 రూపాయలనుంచి 2,000 దాకా. 2019 అక్టోబరు 30న వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ 2430 నంబరు జీవో, కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు అప్పగిస్తూ, పత్రికలు, టీవీల సరసన సోషల్ మీడియానూ చేర్చింది.