మరపడవ ప్రొపెల్లర్ మార్పిడి
మరపడవకు కొత్త ప్రొపెల్లర్ ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసినవి వ్యాసం, పిచ్. ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ లెక్కప్రకారం ముందుకు సాగే దూరమే పిచ్; నీరు జారుతుంది కనుక పడవ నిజంగా అంత దూరం పోదు. హబ్ మీద 13 × 12 అని చెక్కి ఉంటే వ్యాసం 13 అంగుళాలు, పిచ్ 12. పిచ్ ఒక అంగుళం పెరిగితే ఇంజన్ వేగం నిమిషానికి సుమారు 150–200 చుట్లు పడిపోతుంది.

ఏ కొలత నప్పుతుందో పడవ చేసే పనిని బట్టి ఉంటుంది. విశాఖపట్నం చేపలరేవు ట్రాలర్లు బరువైన వల ఈడుస్తాయి. వాటికి పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ నప్పుతాయి. మనిషిని పలక మీద నిలబెట్టి లాగే వేక్‌బోర్డింగ్ పడవదీ లాగుడు పనే. పైగా పెద్ద అల లేవడానికి ట్యాంకుల్లో నీళ్లు నింపుకుంటుంది. అందుకే వేక్‌బోర్డింగ్ పడవలకు నాలుగు రెక్కల ప్రొపెల్లర్లు ఎక్కువగా వాడతారు.

బరువును బట్టి ఫలితం మారుతుంది కనుక, కొత్త ప్రొపెల్లర్‌ను ఖాళీ పడవతో పరీక్షిస్తే ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. షాఫ్టు కొలత, కీ గాడి, తిరిగే దిశ కూడా కలవాలి: ఎడమకు తిరిగే షాఫ్టుకు కుడివాటం ప్రొపెల్లర్ బిగిస్తే, ముందు గేరులో పడవ వెనక్కి నడుస్తుంది.