సంతకం చెల్లలేదంటే ఫైలు నకిలీదేనా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలోని కుర్రాడు విశాఖలో ఒక కంపెనీకి ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు పంపాడనుకుందాం. అక్కడి సాఫ్ట్‌వేర్ 'సంతకం చెల్లదు' అంది. అంతమాత్రాన అతను మోసగాడు కాదు.

యూఐడీఏఐ ఇచ్చే ఈ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులోనే డిజిటల్ సంతకమూ ఉంటుంది. ఇలాంటి సంతకాలకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2002లో ప్రమాణం ఖరారు చేసింది. ముందు పత్రాన్ని ఒక స్థిర రూపంలోకి తెచ్చి, తర్వాత హ్యాష్ లెక్కిస్తారు. ఈ సర్దుబాటు అట్రిబ్యూట్ల వరుస తేడాలను తొలగిస్తుంది గానీ, ట్యాగుల మధ్య ఖాళీలను ముట్టుకోదు. ఎవరైనా ఎడిటర్‌లో తెరిచి, చదవడానికి వీలుగా వరుసలు సర్ది సేవ్ చేస్తే హ్యాష్ మారిపోతుంది.

డాట్‌నెట్‌లోనైతే చెయ్యి పెట్టకుండానే ఈ తప్పు జరుగుతుంది. అక్కడి ఎక్స్‌ఎమ్‌ఎల్ డాక్యుమెంట్ మామూలుగా ఆ ఖాళీలను వదిలేస్తుంది. లోడ్ చేసే ముందే 'ప్రిజర్వ్ వైట్‌స్పేస్' ఆన్ చేయాలి. జావాలో ఖాళీలు నిలుస్తాయి, చిక్కు వేరే చోట: జావా 17 నుంచి ఎస్‌హెచ్‌ఏ-1తో చేసిన పాత సంతకాలను డిఫాల్ట్‌గా తిరస్కరిస్తుంది.

హ్యాష్ తప్పితే ఫైలును, దాన్ని చదివిన తీరును అనుమానించాలి. హ్యాష్ సరిపోయీ సంతకం తప్పితే ముందు సర్టిఫికెట్‌ను చూడాలి. ఫైలులోపలి సర్టిఫికెట్‌నే నమ్మకూడదు. ఎవరైనా సొంత కీతో సంతకం చేసి పంపగలరు. యూఐడీఏఐ ప్రచురించిన సర్టిఫికెట్‌తోనే పోల్చాలి. దరఖాస్తుదారు చేయాల్సింది ఒక్కటే: కొత్తగా డౌన్‌లోడ్ చేసి, జిప్ విప్పకుండా పంపడం.