గుర్తింపు లేని గణతంత్రము

2021 ఆగస్టు 1వ తేదీన టోక్యో ఒలింపిక్ క్రీడలలో మహిళల బ్యాడ్మింటన్ పతకములు బహూకరింపబడినవి. మన తెలుగుబిడ్డ పి.వి. సింధు కాంస్యపతకమును స్వీకరించుట చూచి మనమందరము సంతసించితిమి. స్వర్ణపతకము చైనా క్రీడాకారిణికిని, రజతపతకము తాయ్ త్జు యింగ్ అను యువతికిని లభించినవి. అపుడు పైకి లేచిన మూడు పతాకములలో ఒకటి చైనా జెండా, మరియొకటి మన త్రివర్ణపతాకము. మూడవది మాత్రము ఏ దేశపు జెండాయు కాదు. తెల్లని వస్త్రముపై ఒలింపిక్ వలయములు గల క్రీడాసంఘపు పతాకము. ఆ యువతి జన్మభూమి తైవాను. అచట వ్రాయబడిన పేరు 'చైనీస్ తైపీ'. స్వంత జెండాయు, స్వంత పేరును లేక గెలువవలసిన దుర్గతి ఆ దేశమునకు ఏల కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో కలదు.

తైవాను చైనా తీరమునకు తూర్పుగా, నూటముప్పది కిలోమీటర్లకు పైబడిన జలసంధికి ఆవల నున్న ద్వీపము. విస్తీర్ణము సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణములో దాదాపు మూడవవంతు. జనసంఖ్య సుమారు 2 కోట్ల 30 లక్షలు. 1895లో షిమొనొసెకి సంధి ననుసరించి చైనా చక్రవర్తి దీనిని జపానునకు అప్పగించెను. ఏబది సంవత్సరముల జపాను పాలన 1945లో ముగియగా, చాంగ్ కై షేక్ నాయకత్వము క్రింద నున్న చైనా గణతంత్ర ప్రభుత్వము ద్వీపమును స్వాధీనపరచుకొనెను. 1949లో కమ్యూనిస్టులు చైనా ప్రధానభూమిని జయింపగా ఆ ప్రభుత్వమే ద్వీపమునకు తరలివచ్చి తైపీని రాజధానిగా చేసికొనెను. 1951లో జపాను సంతకము చేసిన శాన్‌ఫ్రాన్సిస్కో సంధిలో ఆ దేశము తైవానుపై హక్కులను వదలుకొన్నదేగాని, అవి ఎవరికి చెందవలెనో ఆ సంధి చెప్పలేదు. నేటి వివాదమునకు ఇదియు నొక మూలము.

అప్పటినుండి పీకింగులో నొక ప్రభుత్వము, తైపీలో నొక ప్రభుత్వము ఏర్పడి, చైనా యంతయు తమదేయని రెండును వాదించినవి. ఏ దేశమైనను ఈ రెంటిలో నొకదానినే గుర్తింపవలసివచ్చెను. మన దేశము 1949 డిసెంబరు 30వ తేదీననే పీకింగు ప్రభుత్వమును గుర్తించెను. అమెరికా తైపీ పక్షము వహించెను. ఐక్యరాజ్యసమితిలో చైనా పీఠము, భద్రతామండలిలోని నిషేధాధికారముతో సహా, రెండు దశాబ్దములకు పైగా తైపీ చేతిలోనే యుండెను. తుదకు 1971 అక్టోబరు 25వ తేదీన సర్వప్రతినిధి సభ 2758వ తీర్మానమును 76 - 35 ఓట్లతో ఆమోదించి, ఆ పీఠమును పీకింగునకు ఒసగెను. 1962 యుద్ధపు గాయము మానకున్నను మన దేశము ఆ తీర్మానమునకు అనుకూలముగనే ఓటు చేసెను. తరువాత 1972లో జపానును, 1979లో అమెరికాయు తైపీతో దౌత్యసంబంధములను తెంచుకొనినవి.

ఇచట పాఠకులు ఒక విచిత్రమును గమనింపవలెను. లోకము గౌరవించిన ఆ తైపీ ప్రభుత్వము ప్రజాప్రభుత్వము కాదు. 1947లో ద్వీపవాసుల తిరుగుబాటును సైన్యము అణచివేయగా వేలకొలది జనులు హతులైరి. 1949లో విధింపబడిన సైనికశాసనము 1987 వరకు, అనగా 38 సంవత్సరములు, అమలులో నుండెను. అది తొలగిన పిదపనే రాజకీయపక్షములకు స్వేచ్ఛ చేకూరెను. 1996లో ప్రజలు మొట్టమొదటి పర్యాయము తమ అధ్యక్షుని తామే ఎన్నుకొనిరి. 2000లో ప్రతిపక్షపు అభ్యర్థి గెలువగా అధికారము శాంతియుతముగా చేతులు మారెను. లోకపు గుర్తింపు ఉన్ననాడు ఆ ప్రజలకు అధ్యక్షుని ఎన్నుకొను హక్కు లేదు; ఆ హక్కు వచ్చుసరికి లోకపు గుర్తింపు చేజారిపోయినది.

గుర్తింపనగా నేమి? 1933 నాటి మాంటివిడియో ఒడంబడిక రాజ్యమునకు నాలుగు లక్షణములను చెప్పినది: స్థిరమైన ప్రజ, నిర్ణీతమైన భూమి, ప్రభుత్వము, ఇతర రాజ్యములతో వ్యవహరింపగల శక్తి. రాజ్యపు ఉనికి ఇతరుల గుర్తింపుపై ఆధారపడదనియు ఆ ఒడంబడికయే పలికినది. తైవానునకు ఈ లక్షణములు కలవని పలువురు వాదింతురు. తైవాను తమ దేశములోని భాగమేయనియు, గుర్తింపు దేశవిభజనకు ద్వారము తెరచుననియు చైనా వాదించును. అవసరమైనచో బలప్రయోగమును అనుమతించు చట్టమును 2005లో చైనా చేసికొనినది. 2758వ తీర్మానము తైవాను సమస్యను తేల్చివేసినదని పీకింగు చెప్పగా, ఆ తీర్మానములో తైవాను పేరే లేదని తైపీ బదులు చెప్పును. ఇరువురి మాటలలోను శ్రద్ధగా వినవలసిన అంశము కలదు. కాని ద్వీపవాసుల అభిమతమును విడిచి చేయు ఏ తీర్పును న్యాయము కానేరదు.

గుర్తింపు లేమి కేవలము మర్యాదకు సంబంధించిన లోటు కాదు. 2009 నుండి 2016 వరకు ప్రపంచ ఆరోగ్య మహాసభలో తైవాను ప్రతినిధులు పరిశీలకులుగా కూర్చుండిరి. 2017 నుండి వారికి ఆహ్వానము నిలిచిపోయినది. కోవిడ్ మహమ్మారి వ్యాపించినపుడు కూడ ఆ ద్వారము తెరువబడలేదు. 2024 జనవరిలో నౌరు ద్వీపము చైనా పక్షము చేరుటతో, తైపీని అధికారికముగా గుర్తించు రాజ్యములు పండ్రెండే మిగిలినవి. అయినను వ్యవహారము ఆగిపోలేదు. 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో తైవాను సభ్యత్వము పొందినది. అచట దాని పేరు దేశముగా గాక ప్రత్యేక సుంక ప్రాంతముగా వ్రాయబడినది. 1995లో మన ప్రభుత్వము తైపీలో ఇండియా-తైపీ సంఘమను పేర కార్యాలయమును నెలకొల్పెను. దానికి రాయబార కార్యాలయమను పేరు లేదు. రెండు ప్రాంతముల నడుమ వర్తకమును, విద్యాసంబంధములను మాత్రము అది పెంపొందించుచున్నది.

ఊరిలో నొకని పేరు దస్తావేజులో లేకున్నను, అతడు తన పొలము దున్నుకొనుచు, పిల్లలను చదివించుకొనుచు గౌరవముగా జీవింపవచ్చును. కాని తగవు వచ్చిననాడు దస్తావేజు లేని లోటు అతనికి తెలియును. తైవాను పరిస్థితి యిట్టిది. ఎవరో ఇచ్చు గుర్తింపు వలన ప్రజాస్వామ్యము పుట్టదు. అది ప్రజలు తమలో తాము సాధించుకొనవలసినది. తైవాను ప్రజలు దానిని సాధించుకొనిరి. కాని అట్లు సాధించినదానిని కాపాడుకొనుటకు లోకపు సానుభూతి అవసరము. మన గ్రంథాలయములో ప్రపంచపటమును పరికించువారు, చైనా ప్రక్కనున్న ఆ చిన్న ద్వీపముపై ఏ పేరు వ్రాసియున్నదో, ఏ రంగు పూయబడినదో చూచి విడువక, అచట నివసించు సుమారు రెండుకోట్ల ముప్పదిలక్షల ప్రజల నొక్కసారి తలంచుకొందురు గాక!