రాజభవనములు – యాత్రికుల విడుదులు

పూర్వము మన దేశమున దూరప్రయాణము చేయువానికి రాత్రి తల దాచుకొనుటకు సత్రములుండెను. తెలుగునాట పుణ్యక్షేత్రములకు పోవు బాటల వెంట ధర్మాత్ములు కట్టించిన సత్రములలో బాటసారి అరుగుపై మేను వాల్చి, తెల్లవారగనే తన దారిని తాను పోయెడివాడు. ఉత్తరదేశమున ధర్మశాలలును, సరాయిలును ఇట్టి సేవయే చేసినవి. రాజుగారి కోట మాత్రము బాటసారి దూరమునుండి చూచుటకే గాని లోన నిదురించుటకు కాదు. నేడు ఆ కోటలలోనే, ఆ మహలులలోనే, రుసుము చెల్లించి పిల్లలతో గూడ నాలుగు దినములు గడపి వచ్చుట సెలవుల వేడుకలలో ఒకటియైనది. ఈ మార్పు వెనుక ఒక చరిత్ర కలదు.

1947 నాటికి మన దేశమున 500కు మించిన సంస్థానములుండెను. రెండు మూడేండ్లలో అవి దాదాపు అన్నియు భారతదేశమున విలీనమైనవి. రాజులకు అధికారము పోయెను, పన్నుల రాబడి పోయెను. బదులుగా ప్రభుత్వము ఏటేట రాజభరణములనిచ్చుచు వచ్చెను. కాని భవనములు మాత్రము పూర్వమెంత పెద్దవో అంత పెద్దవిగనే నిలిచియుండెను. వానకు కారు కప్పులకును, చెదలు పట్టు తలుపులకును, సేవకుల జీతములకును ధనమెచ్చటినుండి రావలెను? రాజస్థానమున 1952 నాటి చట్టముచే జాగీరులు ప్రభుత్వపరమగుటతో చిన్న ఠాకూరుల కోటలకును ఇదే చిక్కు వచ్చిపడెను. 1971లో రాజ్యాంగపు 26వ సవరణచే రాజభరణములును రద్దయినవి. ఇక భవనముల యజమానులకు మిగిలినవి మూడే మార్గములు: అమ్ముకొనుట, పాడుపడనిచ్చుట, లేక తలుపులు తెరచి అతిథిని పిలుచుట.

ఈ మూడవ మార్గమును ముందుగా త్రొక్కినవారిలో జయపురపు మహారాజు రెండవ సవాయి మానసింహుడొకడు. ఆయన రాంబాగు మహలు 1835లో రాజకుటుంబపు దాది కొరకు కట్టిన చిన్న తోట యిల్లుగా ఆరంభమైనది. పిమ్మట వేట విడిదియై, పెరిగి పెరిగి, 1925లో మహారాజు నివాసమాయెను. స్వాతంత్ర్యానంతరము ఆయన వహించిన రాజప్రముఖ పదవి 1956లో రద్దయ్యెను. మరుసటి యేడే, తాను కాపురమున్న రాంబాగును ఆయన హోటలుగా మార్చెను. ఉదయపురమున పిఛోలా సరస్సు నడుమ రెండవ జగత్ సింహుడు 1743–46 నడుమ కట్టించిన జగనివాసమును 1963లో మహారాణా భగవత్ సింహుడు అతిథులకు తెరచెను. నేటికిని అచ్చటికి పడవయే దారి.

ఇట్టి భవనములలో ఎక్కువ ఆలోచింపదగినది జోధపురపు ఉమ్మేద్ భవనము. 1920ల నాటి కరవులో మార్వాడ ప్రజలు పని లేక, పంట లేక అలమటించుచుండగా, వారికి కూలి కల్పించుట ఒక ముఖ్యోద్దేశముగా మహారాజు ఉమ్మేద్ సింహుడు 1929 నవంబరు 18న దీనికి పునాది వేసెను. హెన్రీ వాన్ లాంచెస్టర్ అను ఆంగ్లేయ శిల్పి దీనికి రూపకల్పన చేసెను. రెండు మూడు వేలమంది పనివారు చిత్తర్ గుట్టపై ఇసుకరాతిని చెక్కి, సున్నముతో పని లేకుండ రాతికి రాతిని తొడిగి, 347 గదుల సౌధమును నిలిపిరి. 1943లో పని ముగిసెను. నాలుగేండ్లకే, 1947లో, మహారాజు గతించెను. నేడు అందొక భాగమున రాజకుటుంబము నివసించుచున్నది. ఒక భాగము హోటలు. మరియొక భాగము వస్తుప్రదర్శనశాల. హోటలు గదికి వెల చెల్లింపలేని కుటుంబము కూడ ప్రదర్శనశాలను చూచి రావచ్చును.

మన భాగ్యనగరమున ఫలక్‌నుమా చరిత్ర వేరు రీతిది. ఈ పేరునకు ఆకాశదర్పణమని అర్థము చెప్పుదురు. పాయిగా వంశీయుడును, తరువాత నిజాము ప్రధానమంత్రియునైన వికారుల్ ఉమ్రా దీనికి 1884లో పునాది వేసెను. ఇల్లు ముగియునప్పటికి అప్పులు పెరిగినవనియు, ఆ కారణముననే అది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను చేతికి వచ్చినదనియు చెప్పుదురు. నిజాము దానిని రాచ అతిథులకు విడిదిగ చేసెను. అచ్చటి భోజనశాలలో ఒకే బల్లకు 101 మంది కూర్చుండవచ్చును. 1950ల తరువాత ఆ బల్ల చిరకాలము ధూళి గప్పియుండెను. 2000లో జీర్ణోద్ధరణ ఆరంభమై పదేండ్లు సాగెను. 2010లో ఆ భవనము హోటలుగా తెరువబడెను. చిత్రమేమన, అది తుదకు పూర్వమువలె అతిథిగృహమే ఆయెను. అతిథిని పిలుచువాడు మాత్రము మారెను.

మహారాజుల సౌధములే గాక, 1950కి పూర్వము కట్టిన కోట, హవేలీ, వేట విడిది, ఏదైనను ఆ ప్రాంతపు జీవన రీతికి తగిన రూపమును నిలుపుకొన్నచో కేంద్రప్రభుత్వ పర్యాటకశాఖ దానిని వారసత్వపు హోటలుగా గుర్తించును. రాజస్థానమున 1464 నాటి నీమ్రానా కోట శిథిలమై పడియుండగా 1986లో కొత్త యజమానులు కొని బాగుచేసి, 1991లో యాత్రికులకు తెరచిరి. చిన్న హవేలీలలో వెలయు తక్కువ, పిల్లలకు చనువును ఎక్కువ.

పిల్లలకు ఈ యిండ్లు పుస్తకములకంటె మేలుగ పాఠము చెప్పును. గోడ యింత మందమేల? ఎడారి వేడిని వెలుపల నిలుపుటకు. నడుమ చౌకమేల? గాలికిని, వెలుగునకును. కిటికీకి రాతిజాలకమేల? పరదాలోని స్త్రీ వీధిని చూడవలెను గాని వీధి ఆమెను చూడరాదు. ఈ తుది ప్రశ్నవద్ద తల్లిదండ్రులు ఒకింత ఆగి మాటలాడుట మంచిది. ఈ కట్టడములు పసివారి నుద్దేశించి కట్టినవి కావు. మెట్లు నిటారుగను, పిట్టగోడలు పొట్టిగను ఉండును. గనుక పిల్లల చేయి వదలరాదు.

ఈ హోటళ్లను గూర్చి రెండు వాదములు కలవు. గతించిన రాచరికమును ధనవంతులకు అమ్ముచున్నారని ఒకటి. ఇట్లు చేయకున్న ఇవి కూలిపోయెడివని మరియొకటి. రెండింటను నిజమున్నది. కాపురము లేని యిల్లు నిలువదు. వెల పెట్టిన యిల్లు అందరికి అందదు. కాని అందు నిదురించు కుటుంబము ఒక పని చేయగలదు. గోడలపై కట్టించినవారి చిత్తరువులు, వారు వేటాడిన పులుల తలలు తప్పక కనబడును. రాయి మోసినవాని పేరు మాత్రము కనబడదు. ఉమ్మేద్ భవనపు గోడలో అతుకు కానరాని రెండు రాళ్ల కూర్పును బిడ్డ చేతితో తాకించి, కరవునాట పొట్టకూటికై వచ్చిన పనివాడు దీనిని ఇంత నేర్పుగ అమర్చెనని చెప్పినచో, బిడ్డకు రాజు చరిత్రతోపాటు ప్రజల చరిత్రయు తెలియును.