పక్క ఊళ్ల పేర్లు మోసే కొత్తగూడెం

రైలు ఆగుతుంది. బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. రాముణ్ణి చూడ్డానికి మొదటిసారి వచ్చినవాళ్లు సామాను దించుకుని, గుడి ఎటువైపు అని అడుగుతారు. గుడి ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరి అవతల ఉంది. వాళ్లు దిగింది కొత్తగూడెంలో. స్టేషన్ బయట ఆటోవాళ్లకు ఈ ప్రశ్న అలవాటే, విసుక్కోకుండా బస్టాండుకు ఎక్కించుకుంటారు.

ఈ పట్టాలు బొగ్గు కోసం పడ్డాయి, అందుకే నది దాకా పోలేదు. పైగా నది అవతల భద్రాచలం బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది, ఇవతల కొత్తగూడెం నిజాం రాజ్యం. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2016లో కొత్త జిల్లా వచ్చినప్పుడూ అంతే, దాని పేరులో కొత్తగూడెం ముందు భద్రాద్రి చేరింది.

ఇక్కడి బొగ్గు కంపెనీ సింగరేణి పేరూ ఈ ఊరిది కాదు. సింగరేణి అంటే ఇల్లందు పక్కన ఒక పల్లె. భద్రాచలం నడిచి పోయే యాత్రికులు అక్కడ నల్లరాళ్లు మూడు పేర్చి వంటకు పొయ్యి పెట్టుకుంటే, కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయని పెద్దలు చెప్పుకుంటారు. 1871లో జియలాజికల్ సర్వే నుంచి వచ్చిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న అదే సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం షేర్లు కొని దాన్ని తన చేతిలోకి తెచ్చుకుంది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49. ఇన్ని చేతులు మారినా, భూమి కింద ఒక బొగ్గు పొర పేరు మాత్రం ఈ రోజుకీ కింగ్ సీమే.

తవ్వకం ఇల్లందు నుంచి ఇటు జరిగింది, హెడ్డాఫీసూ కొత్తగూడెంలోనే స్థిరపడింది.

అయితే ఊరి సొంత చరిత్ర కావాలంటే బస్తీల పేర్లు చదవాలి. 5వ ఇంక్లైన్, బర్లీఫిట్, బాబు క్యాంపు, బూడిదగడ్డ. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే దారి, ఇక్కడివాళ్లకు గని అంటే బావి. "మా నాయిన ఐదో నంబరు బావిలో తట్టా చెమ్మస్" అంటే, తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడని అర్థం. ఆ ఒక్క మాటలో నడుము నొప్పి, మెడ మీద కాయ, నైట్ షిఫ్టు అన్నీ ఉన్నాయి. సాయంత్రం క్వార్టర్ల ముందు పాత ఇనుప బకెట్‌కు మట్టి మెత్తి చేసిన పొయ్యిలో బొగ్గు రాజేసేవారు. పొగంతా పోయి కణికలు ఎర్రబడేదాకా పొయ్యి వాకిట్లోనే. ఆ తర్వాతే లోపలికి తెచ్చి బియ్యం ఎక్కించేవారు. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా మళ్లీ ఉతుక్కోవాల్సిందే.

కార్మికుల చరిత్రకు శేషగిరి భవన్ ఒక గుర్తు. సంఘం కట్టడానికి ప్రాణం పెట్టిన దేవూరి శేషగిరి పేరు దానిది. గుళ్లకు, గుట్టలకు దారి చూపే బోర్డులున్న జిల్లాలో ఈ భవనానికీ ఒక బోర్డు ఉండాలి.

ఇన్ని పేర్లు అప్పు తెచ్చుకున్న ఊరు ఒక్కటి మాత్రం ఇచ్చింది. పక్క ఊరు పాల్వంచలో 1960లలో కట్టిన కరెంటు ప్లాంటు పేరు కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్. బొగ్గు సింగరేణిది, నీళ్లు కిన్నెరసానివి. స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగాల గురించి ఇక్కడ రాజుకున్న గొడవ 1969 తెలంగాణ ఉద్యమానికి తొలి నిప్పైంది. పాత ప్లాంటు మూతపడ్డాక, 2024 ఆగస్టు 5న దాని ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చేశారు.

యాభై ఏళ్లు పాల్వంచ వచ్చిందని దూరం నుంచే చెప్పింది ఆ టవర్లే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మలుపు రాగానే సంచీ సర్దుకుంటూ అటు తల తిప్పుతారు.