తక్కువ ఖర్చుతో ఇంటి చాక్లెట్ కానుకలు

కోకో మనకు పరాయి పంట కాదు. గోదావరి ప్రాంతపు కొబ్బరి తోటలలో అది అంతరపంట. కర్ణాటకలోని పుత్తూరులో క్యాంప్కో సహకార సంస్థ చాక్లెట్ కర్మాగారం 1986లో ప్రారంభమైంది.

అసలు చాక్లెట్‌లో కోకో వెన్న ఉంటుంది. కరిగించిన తరువాత దాని వేడిని క్రమపద్ధతిలో తగ్గించి పెంచకపోతే తెల్లని చారలు ఏర్పడతాయి. కాంపౌండు చాక్లెట్‌లో ఆ వెన్నకు బదులు చవకైన ఇతర వృక్ష సంబంధ కొవ్వు ఉంటుంది. ఆ శ్రమ అక్కరలేదు. కనుక ఇంటి తయారీకి అదే అనువైనది.

కావలసినవి: కాంపౌండు 400 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు 150 గ్రాములు, కరకరలాడే బొరుగులు 50 గ్రాములు.

విధానం: గిన్నెలో నీళ్ళు కాచి పొయ్యి ఆర్పవలెను. నీటికి తగలకుండా దానిపై పొడి పాత్ర నుంచి, తరిగిన కాంపౌండును కరిగించవలెను. కొద్దిపాటి తడి తగిలినా అది గట్టిపడి ముద్దకట్టును. చల్లారిన పప్పు, బొరుగులు కలిపి, వెన్నకాగితంపై చెంచాతో చిన్న ముద్దలుగా వేసి ఆరనివ్వవలెను. ఒక్కొక్కటి 15 గ్రాముల చొప్పున సుమారు 40 వచ్చును. పదేసి కట్టిన నాలుగు పొట్లాలగును.

పొట్లంపై ‘కాంపౌండు చాక్లెట్, వేరుశనగ కలదు’ అని తప్పక వ్రాయండి. వేరుశనగ పడనివారికి అది ప్రాణాపాయం కావచ్చును. హోసూరు రహదారిపైనున్న మన చందాపుర వంటి ఊళ్ళలో పొరుగింటి భాష వేరు కావచ్చు. కావున తెలుగుతో పాటు కన్నడంలోనూ వ్రాయుట మేలు.